మూలుగ మీద సొంత కణాల దాడి

పెద్దవాళ్లలో రక్తం తయారయ్యే చోటు ఎముకల లోపలి ఎర్ర మూలుగ. వెన్నుపూసలు, కటి ఎముకలు, పక్కటెముకలు, రొమ్ము ఎముక ఈ పనికి ముఖ్యమైనవి. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూలుగ రోజుకు దాదాపు 20 వేల కోట్ల ఎర్ర రక్తకణాలను, 10 వేల కోట్ల ప్లేట్‌లెట్లను రక్తంలోకి పంపుతుంది. ఇంత ఉత్పత్తి జరగాల్సిందే, ఎందుకంటే రక్తకణాల ఆయుష్షు తక్కువ. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. ప్లేట్‌లెట్ వారం, పది రోజులు ఉంటుంది. క్రిములతో ముందుగా తలపడే న్యూట్రోఫిల్స్ రక్తంలో తిరిగేది చాలావరకు ఒక్క రోజు లోపే. ఈ మూడు రకాలకూ పుట్టుక ఒక్కటే. మూలుగలో కొద్ది సంఖ్యలో ఉండే మూలకణాలు తమను తాము కాపాడుకుంటూ, విభజన చెందుతూ, అవసరాన్ని బట్టి ఏదో ఒక రకం కణంగా మారుతూ పోతాయి. ఆ మూలకణాలే తరిగిపోతే మూడు రకాలూ కలిసి పడిపోతాయి. ఆ జబ్బు పేరు ఏప్లాస్టిక్ ఎనీమియా.

పేరులో ఎనీమియా ఉంది కాబట్టి చాలామంది దీన్ని మామూలు రక్తహీనత అనుకుంటారు. ఇనుము తక్కువైతే వచ్చే రక్తహీనతతో దీనికి పోలికే లేదు. ఇక్కడ ఐరన్ మాత్రలు, బెల్లం, దానిమ్మ ఏమీ చేయలేవు. ఎర్రకణాలు తగ్గడంతో ఆయాసం, నీరసం వస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గడంతో చర్మం మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, ఆడవాళ్లలో ఆగని నెలసరి కనిపిస్తాయి. న్యూట్రోఫిల్స్ తగ్గడంతో తగ్గని జ్వరాలు మొదలవుతాయి. ప్లేట్‌లెట్ల లెక్క అంటే డెంగీ పుణ్యమా అని తెలుగునాట ఇంటింటికీ తెలుసు. అయితే డెంగీలో పడిపోయిన లెక్క కొద్ది రోజుల్లో తనంతట తాను లేస్తుంది. ఏప్లాస్టిక్ ఎనీమియాలో అలా లేవదు.

1888లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఒక గర్భిణి మరణాన్ని పరిశీలిస్తూ ఈ జబ్బును తొలిసారి వర్ణించాడు. ఎర్రగా ఉండవలసిన ఆమె మూలుగ కొవ్వుతో నిండి పసుపుపచ్చగా మారింది. ఏప్లాస్టిక్ అనే మాటను 1904లో ఫ్రెంచి వైద్యుడు అనటోల్ షోఫార్ వాడాడు. ఎర్లిక్ చూసిన ఆ కొవ్వే నేటికీ రోగనిర్ధారణకు ఆధారం. తుంటి వెనక భాగంలో మత్తిచ్చి సూదితో చిన్న మూలుగ ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కణాలు ఉండాల్సిన చోట కొవ్వు ఖాళీలు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. మూలుగలో కణాలు పావు వంతుకు తగ్గి, దానికి తోడు మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ 500 లోపు, ప్లేట్‌లెట్లు 20 వేల లోపు ఉండటం, కొత్తగా పుట్టే ఎర్రకణాలు బాగా తగ్గిపోవడం అనే మూడింటిలో ఏ రెండు కనిపించినా జబ్బు తీవ్ర దశలో ఉన్నట్టు. న్యూట్రోఫిల్స్ 200 కూడా లేకపోతే అతి తీవ్రం. ఆ దశలో ప్రాణం తీసేది సాధారణంగా ఇన్ఫెక్షన్, ముఖ్యంగా ఫంగస్.

ఇది అరుదైన జబ్బు. పాశ్చాత్య దేశాల్లో ఏటా పది లక్షల మందిలో ఇద్దరికి వస్తే, ఆసియాలో అంతకు రెండు మూడు రెట్లు కనిపిస్తుంది. యుక్తవయసులో ఒకసారి, అరవై దాటాక మరోసారి ఎక్కువగా దాడి చేస్తుంది. కారణాల జాబితా చెప్పేటప్పుడు పాత పుస్తకాలు ముందుగా క్లోరాంఫెనికాల్ పేరే తీసేవి. ఒకప్పుడు మన దేశంలో టైఫాయిడ్ వస్తే రాసిన మందు అదే. దాన్ని వాడిన 20 వేల నుంచి 40 వేల మందిలో ఒకరికి మూలుగ దెబ్బతింటుందని అంచనా. ముప్పు చిన్నదే, కానీ మందు లక్షల మంది చేతుల్లో ఉండేది. బెంజీన్ ఆవిర్లు మూలుగకు విషమన్నది కూడా పాత సంగతే. రేడియేషన్ సరేసరి. 1934లో మేరీ క్యూరీ మరణానికి కారణంగా వైద్యులు చెప్పింది ఏప్లాస్టిక్ ఎనీమియానే. కొందరు యువకుల్లో కామెర్లు తగ్గిన రెండు మూడు నెలలకు ఈ జబ్బు బయటపడుతుంది. వారిలో తెలిసిన హెపటైటిస్ వైరస్‌లేవీ దొరకవు. ఇవన్నీ కలిపినా మొత్తం రోగుల్లో కొద్దిమందే. ఎక్కువ మందిలో ఫలానా కారణమని వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు.

కారణం ఎలా ఉన్నా, రక్తం తయారీ ఆగిందంటే రక్తాన్ని పుట్టించే సంకేతాలు కొరవడ్డాయేమో అన్నది ఎవరికైనా తట్టే ఆలోచన. మూలుగకు అలాంటి సంకేతాలు నిజంగానే ఉన్నాయి. వాటిని వృద్ధి కారకాలు అంటారు. ఇవి రక్తంలో తిరిగే ప్రోటీన్లు. ఏ రకం కణాలు ఎన్ని కావాలో మూలుగకు చెప్పేవి ఇవే. రక్తంలో అలాంటి పదార్థం ఒకటి ఉండాలని 1906లోనే పారిస్‌లో పాల్ కార్నో, ఆయన శిష్యురాలు డెఫ్లాండ్ర్ ఊహించారు. అది ఎరిత్రోపాయిటిన్. మూత్రపిండాలు తమకు అందే ఆక్సిజన్ తగ్గిందని గ్రహించగానే దీన్ని విడుదల చేస్తాయి. మూలుగ ఎర్రకణాల తయారీ పెంచుతుంది.

దాన్ని శుద్ధిచేసి పట్టుకోవడానికి మరో ఏడు దశాబ్దాలు పట్టింది. చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ గోల్డ్‌వాసర్ 1955లో ఆ పని మొదలుపెట్టాడు. గొర్రెల రక్తంతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు. చివరికి దారి చూపింది జపాన్ వైద్యుడు తకాజీ మియాకే. ఆయన ఏప్లాస్టిక్ ఎనీమియా రోగుల మూత్రం సేకరించి ఎండబెట్టి చికాగోకు పట్టుకెళ్లాడు. మొత్తం 2,550 లీటర్ల మూత్రం అది. అందులోంచి తేలింది కొన్ని మిల్లీగ్రాముల స్వచ్ఛమైన ఎరిత్రోపాయిటిన్. 1977లో ఆ ఫలితం ప్రచురితమైంది. తర్వాత దాని జన్యువు దొరికింది. 1989లో అమెరికాలో అది మందుగా వచ్చి డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకు రక్తం ఎక్కించే అవసరాన్ని బాగా తగ్గించింది.

ఈ కథలో గమనించవలసింది ఆ మూత్రం ఎవరిదన్నది. ఎరిత్రోపాయిటిన్ కోసం ఏప్లాస్టిక్ ఎనీమియా రోగులనే వెతుక్కుంటూ వెళ్లారంటే, వారి ఒంట్లో అది మామూలు మనిషిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది కాబట్టే. మూత్రపిండాలు తమ పని తాము చేస్తూనే ఉన్నాయి. సంకేతం పుష్కలంగా వెళుతోంది. దాన్ని అందుకోవలసిన కణాలే లేవు.

తెల్లకణాల వృద్ధి కారకాల్లోనూ ఇదే కథ. మెల్‌బోర్న్‌లో డొనాల్డ్ మెట్‌కాఫ్ బృందం 1960ల నుంచి ప్రయోగశాలలో మూలుగ కణాలను పెంచుతూ, వాటిని గుంపులు గుంపులుగా పెరిగేలా చేసే పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసింది. వాటిలో జి-సి.ఎస్.ఎఫ్. 1991లో మందుగా వచ్చింది. కీమోథెరపీతో న్యూట్రోఫిల్స్ పడిపోయిన క్యాన్సర్ రోగులకు నేడు ప్రతి పెద్దాసుపత్రిలోనూ ఇచ్చే ఇంజెక్షన్ అదే. కీమో తర్వాత మూలకణాలు మిగిలే ఉంటాయి కాబట్టి అక్కడ అది పనిచేస్తుంది. ఏప్లాస్టిక్ ఎనీమియాలో పరీక్షిస్తే ఇన్ఫెక్షన్లు కొంత తగ్గాయి గాని, బతికి బయటపడేవారి సంఖ్య పెరగలేదు. 1990లలో ఇంకొన్ని వృద్ధి కారకాలనూ ప్రయత్నించి వదిలేశారు. కొలిమిలో నిప్పు ఆరిపోయాక తిత్తి ఎంత ఊదినా మంట రాదు. మరి ఆ నిప్పును ఆర్పుతున్నది ఎవరు?

సమాధానం అనుకోకుండా దొరికింది. 1970లో ఫ్రాన్స్‌లో జార్జ్ మాతే ఏప్లాస్టిక్ ఎనీమియా రోగులకు ఇతరుల మూలుగ ఎక్కించే ప్రయత్నం చేశాడు. కొత్త మూలుగను శరీరం తోసిపుచ్చకుండా ముందుగా లింఫోసైట్లను అణచే సీరం ఇచ్చాడు. ఎక్కించిన మూలుగ నిలవలేదు. కానీ కొందరు రోగుల సొంత మూలుగ తిరిగి పనిచేయడం మొదలుపెట్టింది. అంటే మేలు చేసింది దాత మూలుగ కాదు, దానికి ముందు ఇచ్చిన సీరం. 1977లో స్విట్జర్లాండ్‌లో బ్రూనో స్పెక్ బృందం ఆ సీరాన్నే చికిత్సగా ఇచ్చి ఫలితాలు చూపింది. కవల పిల్లల అనుభవమూ ఇదే చెప్పింది. అచ్చంగా ఒకే జన్యువులున్న కవల నుంచి తీసిన మూలుగను శరీరం తోసిపుచ్చడానికి కారణమే ఉండకూడదు. అయినా రోగనిరోధక వ్యవస్థను ముందుగా అణచకుండా ఎక్కిస్తే సుమారు సగం మందిలో అది నిలవలేదు. అణచి ఎక్కిస్తే నిలిచింది. మూలకణాలు మంచివే పోసినా, వాటిని చంపేవాళ్లు ఇంట్లోనే కాపు కాసి ఉన్నారన్నమాట.

1980ల నుంచి అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో నీల్ యంగ్ బృందం ఆ హంతకుల ఆచూకీ తీసింది. దోషులు టి లింఫోసైట్లు. వాటిలోనూ, వైరస్ సోకిన కణాలను వెతికి చంపడానికి ఉన్న సి.డి.8 రకం. ఈ రోగుల రక్తంలో, మూలుగలో అవి ఉత్తేజితమై ఉంటాయి. ఒకే పూర్వజ కణం నుంచి పుట్టిన టి కణాలు గుంపులుగా పెరిగి ఉండటం కూడా కనిపిస్తుంది. ఏదో ఒక గుర్తును లక్ష్యంగా పెట్టుకుని అవి విస్తరించాయనడానికి అది సాక్ష్యం. వాటిని అదుపులో పెట్టాల్సిన నియంత్రక టి కణాలేమో ఈ రోగుల్లో తక్కువగా ఉంటాయి. ఆ టి కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా, టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా అనే పదార్థాలను వెదజల్లుతాయి. వాటి ప్రభావంతో మూలకణాల విభజన మందగిస్తుంది. మూలకణాల ఉపరితలం మీద ఫాస్ అనే గ్రాహకం ఎక్కువగా తేలుతుంది. టి కణం దాన్ని తాకితే మూలకణం తనను తాను చంపుకుంటుంది.

దాడి నిజమేనని చెప్పే విచిత్రమైన ఆధారం ఒకటి జపాన్ పరిశోధకుల కృషితో బయటపడింది. టి కణం ఒక కణాన్ని గుర్తుపట్టాలంటే, ఆ కణం తన లోపలి ప్రోటీన్ తునకలను హెచ్.ఎల్.ఎ. అనే అణువు మీద పెట్టి చూపించాలి. కొందరు రోగుల్లో, 6వ క్రోమోజోములో ఒక వైపు హెచ్.ఎల్.ఎ. జన్యువులను పోగొట్టుకున్న మూలకణాలు కనిపించాయి. చూపించే అణువు పోవడంతో టి కణాల కంటికి అవి ఆనలేదు. అలా తప్పించుకున్నవే బతికి రక్తాన్ని తయారుచేస్తున్నాయి. నేరానికి ఇంతకంటే మంచి సాక్షి దొరకడం కష్టం.

దాడి చేసేది టి కణాలు కాబట్టి, చికిత్స వాటిని తగ్గించడం. మనిషి థైమస్ కణాలను గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలను శుద్ధి చేస్తే ఏ.టి.జి. వస్తుంది. దీన్ని ఆసుపత్రిలో ఉంచి నాలుగు రోజుల పాటు నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. చలిజ్వరం, దద్దుర్లు మామూలే. వారం పది రోజుల తర్వాత కీళ్ల నొప్పులతో సీరం జబ్బు రావచ్చు కాబట్టి స్టెరాయిడ్లు తోడిస్తారు. దీనికి జతగా సైక్లోస్పోరిన్ మాత్రలు నెలల తరబడి వాడాలి. నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి తీసిన మందు ఇది. టి కణాల ఉత్తేజాన్ని ఆపుతుంది. రక్తపోటు, క్రియాటినిన్ చూస్తూ వాడాలి. ఈ రెండూ కలిపితే 60 నుంచి 70 శాతం మందిలో రక్తకణాలు పెరుగుతాయి. పెరగడం వెంటనే జరగదు. మూడు నాలుగు నెలలు పడుతుంది. ఇంటిల్లిపాదికీ కష్టమైన కాలం అదే. మందు ఇచ్చేశారు, లెక్కలు మాత్రం కదలవు, వారం వారం రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూ జ్వరం రాకుండా కాపాడుకోవాలి.

కుందేలు నుంచి తీసే ఏ.టి.జి. టి కణాలను ఇంకా గట్టిగా తుడిచేస్తుంది. కాబట్టి అదే మేలనుకున్నారు. 2011లో వెలువడిన పరీక్ష ఫలితం తలకిందులుగా వచ్చింది. ఆరు నెలలకు గుర్రపు మందు తీసుకున్నవారిలో 68 శాతం కోలుకుంటే, కుందేలు మందుతో 37 శాతమే. బలమైనదే మంచిదనే లెక్క వైద్యంలో ఎంత తరచుగా తప్పుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక వృద్ధి కారకాల కథ ముగిసినట్టే అనుకున్న దశలో మూడోది తెర మీదకు వచ్చింది. ప్లేట్‌లెట్ల తయారీని నడిపే త్రాంబోపాయిటిన్‌ను 1994లో గుర్తించారు. దీన్ని ప్రధానంగా కాలేయం తయారుచేస్తుంది. ప్లేట్‌లెట్లు దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి, అవి తగ్గితే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. మిగతా రెండింటికీ లేని గుణం దీనికి ఉంది. దీన్ని అందుకునే గ్రాహకం మూలకణాల మీదే ఉంటుంది. ఆ గ్రాహకం పుట్టుకతోనే చెడిపోయిన పసిపిల్లలకు ముందు ప్లేట్‌లెట్లే తక్కువగా ఉంటాయి. కొన్నేళ్లలో మూలుగ మొత్తం ఖాళీ అవుతుంది. అంటే మూలకణాలు నిలబడటానికే త్రాంబోపాయిటిన్ కావాలి.

అయినా చిక్కు అలాగే ఉంది. ఏప్లాస్టిక్ ఎనీమియా రోగుల్లో త్రాంబోపాయిటిన్ కూడా చాలా ఎక్కువగానే ఉంటుంది. ఎక్కువగా ఉన్నదాన్ని ఇంకా ఇస్తే ఏం ఒరుగుతుంది? ఈ సందేహంతోనే నీల్ యంగ్ సంస్థలోని వైద్యులు, ఏ.టి.జి.కి లొంగని 25 మందికి ఎల్‌త్రాంబోపాగ్ అనే మాత్ర ఇచ్చి చూశారు. త్రాంబోపాయిటిన్ గ్రాహకాన్నే ప్రేరేపించే చిన్న రసాయన అణువు ఇది. అప్పటికే ప్లేట్‌లెట్లు తగ్గే మరో జబ్బు ఐ.టి.పి.కి వాడుకలో ఉంది. 2012లో ఫలితం వచ్చింది. 25 మందిలో 11 మందికి కణాలు పెరిగాయి. కొందరిలో ప్లేట్‌లెట్లే కాక ఎర్రకణాలు, న్యూట్రోఫిల్స్ కూడా. మాత్ర మానేశాక కూడా కొందరికి లెక్కలు నిలబడ్డాయి.

ఇది ఎలా సాధ్యమైందో కొన్నేళ్ల తర్వాత తేలింది. దాడి చేస్తున్న టి కణాలు వెదజల్లే ఇంటర్‌ఫెరాన్ గామా నేరుగా వెళ్లి త్రాంబోపాయిటిన్‌కు అతుక్కుంటుంది. అలా అతుక్కున్న త్రాంబోపాయిటిన్ గ్రాహకానికి సరిగా కుదరదు. రక్తపరీక్షలో మోతాదు ఎక్కువగా కనిపిస్తుంది, మూలకణానికి మాత్రం సంకేతం అందదు. ఎల్‌త్రాంబోపాగ్ అదే గ్రాహకాన్ని వేరే చోట, కణపొర లోపలి భాగంలో పట్టుకుంటుంది. ఇంటర్‌ఫెరాన్ దాన్ని ఆపలేదు. ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించిన రెండు సంగతులు, రోగనిరోధక కణాల దాడీ వృద్ధి కారకాల వైఫల్యమూ, ఇక్కడ ఒక్కచోట కలిశాయి.

2022లో యూరప్ పరిశోధకులు ఏ.టి.జి., సైక్లోస్పోరిన్ జంటకు మొదటి రోజు నుంచే ఈ మాత్ర కలిపి పరీక్షించారు. మూడు నెలలకు పూర్తిగా కోలుకున్నవారు 10 నుంచి 22 శాతానికి, ఆరు నెలలకు ఎంతో కొంత కోలుకున్నవారు 41 నుంచి 68 శాతానికి పెరిగారు. మాత్రను ఖాళీ కడుపుతో వేసుకోవాలి. పాలు, పెరుగు, కాల్షియం, ఐరన్ మాత్రలు కొన్ని గంటల దూరంలో ఉండాలి. లేకపోతే అది ఆ ఖనిజాలకు అతుక్కుని పేగులోనే మిగిలిపోతుంది. కాలేయ పరీక్షలు చేయిస్తూ ఉండాలి.

వయసు తక్కువగా ఉండి, తోబుట్టువుల్లో హెచ్.ఎల్.ఎ. సరిపోయినవారు దొరికితే, వైద్యులు మందుల జోలికి పోకుండా నేరుగా మూలుగ మార్పిడికి వెళ్లమంటారు. ఒక్కో తోబుట్టువుతో సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. మన దేశంలో మూలుగ మార్పిడి 1980లలో మొదలైంది. ముంబయి టాటా మెమోరియల్, తెలుగు రోగులకు బాగా పరిచయమైన వెల్లూరు సి.ఎం.సి. తొలి కేంద్రాలు. ఇక్కడ బంధువులకు తెలియవలసిన సంగతి ఒకటుంది. రక్తం కావాలనగానే ముందుకొచ్చేది అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. మార్పిడి ఆలోచన ఉన్నప్పుడు రోగికి సొంతవాళ్ల రక్తం ఎక్కించకూడదు. వారి కణాల మీద రోగి శరీరం ముందే ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటే, తర్వాత వారి మూలుగ నిలవకపోవచ్చు. వాళ్లు రక్తం ఇవ్వదలిస్తే బ్లడ్ బ్యాంకులో వేరే రోగుల కోసం ఇవ్వవచ్చు.

చికిత్స మొదలుపెట్టే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకోటి. మూలుగ ఖాళీ కావడానికి కారణం అన్నిసార్లూ టి కణాలు కావు. 1927లో గైడో ఫాంకోని వర్ణించిన వంశపారంపర్య జబ్బులో డి.ఎన్.ఎ. మరమ్మతు యంత్రాంగమే చెడి ఉంటుంది. పొట్టిగా ఉండటం, బొటనవేలి లోపాలు, ఒంటి మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. మేనరికాలున్న కుటుంబాల్లో ఇలాంటివి మరింత జాగ్రత్తగా వెతకాలి. క్రోమోజోముల కొసలైన టెలోమియర్లు పుట్టుకతోనే పొట్టిగా ఉండే జబ్బులూ ఉన్నాయి. వీటిలో ఏ.టి.జి. పనిచేయదు. ఫాంకోని పిల్లలకు మార్పిడి చేయాలన్నా, దానికి ముందు ఇచ్చే మామూలు మోతాదు కీమోను వారి కణాలు తట్టుకోలేవు. అందుకే చిన్న వయసు రోగులకు క్రోమోజోము పగుళ్ల పరీక్ష ముందుగా చేయిస్తారు.

మందులతో కోలుకున్నవారిలో సుమారు మూడో వంతు మందికి జబ్బు తిరగబెట్టవచ్చు. సైక్లోస్పోరిన్‌ను హఠాత్తుగా మానకుండా మెల్లమెల్లగా తగ్గించేది అందుకే. తిరగబెట్టినా మళ్లీ మందులకు లొంగే అవకాశం ఉంది. ఇంకో ముప్పు నిదానంగా వస్తుంది. సుమారు సగం మంది రోగుల్లో పి.ఎన్.హెచ్. కణాలు కొద్దిగానైనా కనిపిస్తాయి. ఒక జన్యులోపంతో, ఉపరితలం మీది కొన్ని ప్రోటీన్లు ఊడిపోయిన కణాలివి. దాడికి ఇవి కూడా తక్కువగా దొరుకుతాయి కాబట్టి మిగులుతాయి. వాటి వాటా పెరిగితే ఎర్రకణాలు పగలడం, సిరల్లో రక్తం గడ్డకట్టడం మొదలవుతాయి. పదేళ్లలో పది నుంచి పదిహేను శాతం మందిలో 7వ క్రోమోజోము పోవడం వంటి మార్పులతో మూలుగ లుకేమియా వైపు జరగవచ్చు. వృద్ధి కారకాలు ఇలాంటి కణాలకు ఊతమిస్తాయేమోనన్న అనుమానం జి-సి.ఎస్.ఎఫ్. కాలం నుంచీ ఉంది. అందువల్ల లెక్కలు బాగున్నా ఏటా పి.ఎన్.హెచ్. పరీక్ష, అవసరమైనప్పుడు మూలుగ, క్రోమోజోము పరీక్షలు చేయిస్తూ ఉంటారు.